గ్లవ్‌కి మడతలు వేయించలేం

మా చిన్నప్పుడు అనంతపురంలో పరికిణీ కుట్టించాలంటే మా అమ్మ దర్జీకి చెప్పే మొదటి మాట, అడుగున రెండు మడతలు వేయమని. ఏడాది తిరిగేసరికి నేను పొడవెదిగితే ఒక మడత విప్పేది, మరుసటి ఏడు రెండోది విప్పేది. మిగిలిన గుడ్డంతా వెలిసిపోయినా విప్పిన మేర మాత్రం కొత్త రంగు పట్టీలా కనిపించేది. బూట్లు కొన్నా ఒక సైజు పెద్దవే కొని ముందు దూది కుక్కేవాళ్ళం. పెరిగే పిల్లకు కొన్న వస్తువు కనీసం రెండేళ్ళయినా రావాలన్న ఆ లెక్క తప్పని నేను ఇప్పటికీ అనను. అయితే అదే లెక్కతో, పన్నెండేళ్ళ కూతురి చేతికి 13 అంగుళాల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటిదే, బంతి ఇంకా పెద్దది) గ్లవ్ కొని, ఒక సీజన్ మొత్తం ఆ పిల్ల ఆటను నేనే చెడగొట్టాను. అదే తప్పు చేయబోతున్న తల్లిదండ్రులు మా చుట్టుపక్కల చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి, ఆ సంగతి వివరంగా రాయాలనిపించింది.

మేము డాలస్ శివార్లలో ఉంటాం. ఇక్కడ ఆడపిల్లలు ఆడే ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో, అంటే చేయి కిందినుంచి తిప్పి బంతిని వేగంగా విసిరే రకంలో, పదేళ్ళ లోపు వారికి చుట్టుకొలత 11 అంగుళాలున్న బంతి ఇస్తారు, 35 అడుగుల దూరం నుంచి పిచింగ్ (బ్యాట్ చేసేవాళ్ళకు బంతి విసరడం) చేయిస్తారు. పన్నెండేళ్ళ లోపు వర్గానికి వచ్చేసరికి బంతి 12 అంగుళాలవుతుంది, దూరం 40 అడుగులవుతుంది. పద్నాలుగేళ్ళ వర్గంలో బంతి అదే ఉండి, దూరం మాత్రం 43 అడుగులకు పెరుగుతుంది. బంతి పెరిగిన ఆ మలుపు దగ్గరే తల్లిదండ్రులకు కొత్త గ్లవ్ ఆలోచన వస్తుంది. బంతి పెద్దదయింది కాబట్టి గ్లవ్ కూడా బాగా పెద్దదయితే పట్టడం సులువవుతుందని నేనూ అనుకున్నాను. పిల్ల ఎదిగినా ఇదే పనికొస్తుందన్న ఆశ కూడా దానికి తోడయింది.

జరిగింది వేరు. బంతి గ్లవ్‌లో పడేది, పడి బయటికి దొర్లేది. నేలబారు బంతికి వంగినప్పుడు గ్లవ్ కొస ముందుగా మట్టికి తగిలి చేయి వెనక్కి మడతపడేది. రెండు నెలలు గడిచేసరికి మా అమ్మాయి ప్రతి బంతికీ కుడిచేతిని కూడా అడ్డం పెట్టి, గ్లవ్‌ను మూతలా మూయడం అలవాటు చేసుకుంది. బంతి వచ్చి ఆ కుడిచేతి వేళ్ళకు రెండుసార్లు తగిలాక, వచ్చే బంతి నుంచి ముఖం పక్కకు తిప్పడం మొదలుపెట్టింది. జట్టులో అందరూ, నాతో సహా, పిల్లకు బంతంటే భయం పట్టుకుందని అనుకున్నాం. ఆ భయం పోగొట్టడానికి సాయంత్రాలు ఇంటి వెనక మెత్తటి బంతులతో సాధన చేయించాను. ఒకరోజు ఆ గ్లవ్‌ను నేనే తొడుక్కుని బంతి పట్టి, చేయి మూయబోతే మూతపడలేదు. నలభై దాటిన నా చేతికే లొంగని వస్తువును పట్టుకుని ఆ పిల్ల మూడు నెలలు మైదానంలో నిలబడిందని నాకు అప్పుడు అర్థమయింది.

నిజానికి ఈ సంగతి నాకు అందరికంటే ముందే తెలిసి ఉండవలసింది. నాది ఎడమచేతి వాటం. 1990లలో మా బడి సాఫ్ట్‌బాల్ జట్టుకు ఉన్న గ్లవ్‌లన్నీ ఒక గోనెసంచిలో ఉండేవి. డ్రిల్లు సార్ ఆ సంచిని గుమ్మరిస్తే ఎవరికి అందింది వాళ్ళం తొడుక్కునేవాళ్ళం. అవన్నీ ఎడమ చేతికి తొడిగేవే, అంటే కుడిచేత్తో విసిరేవాళ్ళ కోసం చేసినవే. నేను బంతిని ఎడమ చేతి గ్లవ్‌తో పట్టి, గ్లవ్‌ను కుడి చంకలో ఇరికించి, చేయి బయటికి లాగి, బంతి తీసుకుని, మళ్ళీ అదే ఎడమచేత్తో విసిరేదాన్ని. ఆ లోపల పరుగెత్తే అమ్మాయి తను చేరుకోవలసిన గుర్తు, అంటే బేస్, మీద నిలబడి ఉండేది. నేను నెమ్మది మనిషినని సార్ అనుకున్నారు, స్నేహితురాళ్ళు అనుకున్నారు, కొంతకాలానికి నేనూ నమ్మాను. పిల్ల చేతికి గ్లవ్ సరిపోకపోతే ఆ తప్పు గ్లవ్‌ది అని ఎవరికీ తోచదు. పిల్ల నెమ్మది అంటాం, భయస్తురాలు అంటాం, శ్రద్ధ లేదు అంటాం. ఈ ఒక్క కారణం చేతనే గ్లవ్ ఎంపికను సరదా షాపింగ్‌గా చూడకూడదని నా వాదన.

అసలు ఈ ఆట గ్లవ్ లేకుండానే పుట్టింది. 1887లో థ్యాంక్స్‌గివింగ్ రోజున షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో జార్జ్ హాంకాక్ అనే ఆయన ఒక బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో ఉండలా చుట్టి బంతిగా చేసి, చీపురు కర్రతో కొట్టించిన ఆట ఇది. షికాగోలో ఈనాటికీ 16 అంగుళాల మెత్తటి బంతితో ఒట్టి చేతులతోనే ఆడేవాళ్ళున్నారు. పేరులో సాఫ్ట్ ఉంది కదా అని ఇప్పుడు మన పిల్లలు ఆడే 12 అంగుళాల బంతి మెత్తగా ఉంటుందనుకోవద్దు. దాని బరువు సుమారు 177 నుంచి 198 గ్రాములు. మనకు తెలిసిన క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటుంది, చుట్టుకొలతలో అయితే దీనికంటే చాలా చిన్నది. క్రికెట్ బంతిని ఒట్టి చేతుల్లో దాచుకుని పట్టినట్టు దీన్ని పట్టడం కుదరదు. గ్లవ్ ఇక్కడ దెబ్బ తగలకుండా కాపాడే కవచం మాత్రమే కాదు, బంతి చుట్టూ మూసుకోవలసిన పెద్ద చేయి. మూసుకోలేని గ్లవ్ ఎంత మంచి తోలుదైనా, దానికి ఎంత పేరున్నా, చేయి చేసే పని చేయదు.

కొలత సంగతి చూద్దాం. గ్లవ్ మీద ముద్రించిన అంగుళాలు చూపుడువేలి కొస నుంచి పాకెట్ (బంతి కూర్చునే గుంట) లోపలి గుండా అరచేతి మడమ వరకు ఉన్న పొడవు. అంటే అది గ్లవ్ పొడవే తప్ప పిల్ల చేతి కొలత కాదు. 12 అంగుళాల గ్లవ్‌లు రెంటిలో ఒకటి చేతికి అతికినట్టుండవచ్చు, రెండోది గుల్లగా ఉండవచ్చు. చేయి దూరే సందు ఎంత ఉంది, వేళ్ళ గొట్టాలు ఎంత వెడల్పున్నాయి, మణికట్టు పట్టీ ఎంతవరకు బిగుస్తుంది అన్నవే చేతికి సరిపోవడాన్ని తేలుస్తాయి. ఫాస్ట్‌పిచ్ అని రాసి అమ్మే గ్లవ్‌లను ఆడపిల్లల చేతులను దృష్టిలో పెట్టుకుని చేస్తారు కాబట్టి వాటిలో సందు చిన్నది, గొట్టాలు సన్నవి, పట్టీని బిగించుకోవచ్చు, పాకెట్ మాత్రం పెద్ద బంతి పట్టేటంత లోతుగా ఉంటుంది. అన్నయ్య పాత బేస్‌బాల్ గ్లవ్ ఇంట్లో ఉంది కదా, అది వాడుకోమంటే సరిపోదా అని అడిగేవాళ్ళకు నా సమాధానం ఇదే. బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాల పైచిలుకు మాత్రమే. ఆ బంతి కోసం మలిచిన 11.5 అంగుళాల ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి మైదానం) గ్లవ్‌లో సాఫ్ట్‌బాల్ లోపలికి కూర్చోదు, అంచు మీద నిలబడుతుంది. స్లోపిచ్ గ్లవ్ అయితే అటువైపు పొరపాటు. పెద్దవాళ్ళు వారాంతాల్లో ఆడే ఆటకు చేసిన ఆ గ్లవ్‌లు 13 అంగుళాలు, ఆపైన కూడా ఉంటాయి. నేను కొన్నది సరిగ్గా అదే.

పన్నెండు, పదమూడేళ్ళ పిల్లకు ఏ కొలత అని సూటిగా అడిగితే, ఎక్కువమందికి 12 అంగుళాల ఫాస్ట్‌పిచ్ గ్లవ్ అని చెబుతాను. చేయి బాగా చిన్నదై, ఇన్‌ఫీల్డ్‌లోనే ఆడుతుంటే 11.75 కూడా తప్పు కాదు. అవుట్‌ఫీల్డ్‌లోనే, అంటే బేస్‌ల వెనకటి దూరపు మైదానంలోనే, స్థిరపడిన పిల్లకు 12.5 తీసుకోవచ్చు; 13 అంగుళాలవి హైస్కూల్ ఆఖరి ఏళ్ళకో కాలేజీకో వదిలిపెట్టడం మంచిది. ఈ వయసులో పిల్లలు ఎక్కడా స్థిరపడి ఉండరు. మా అమ్మాయి ఒక వారం సెకండ్ బేస్ దగ్గర ఉంటే మరో వారం లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉంటుంది. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి ఇన్‌ఫీల్డ్‌లో బంతి పట్టడం ఎంత ముఖ్యమో, పట్టిన బంతిని గ్లవ్‌లోంచి క్షణంలో బయటికి తీసి విసరడమూ అంతే ముఖ్యం. మరీ లోతైన, పొడవైన గ్లవ్‌లో చేయి పెట్టి బంతి కోసం వెతుక్కునే లోపు పరుగు పూర్తయిపోతుంది. అవుట్‌ఫీల్డ్‌లో ఒక అర అంగుళం తక్కువైతే పోయేది అరుదుగా వచ్చే ఒక అందని క్యాచ్. ఇన్‌ఫీల్డ్‌లో ఒక అంగుళం ఎక్కువైతే ప్రతి బంతికీ నష్టమే. రెండు చోట్లా ఆడే పిల్లకు చిన్న కొలత వైపు మొగ్గడమే సరైనదని నేననడానికి కారణం ఇది.

వేళ్ళకూ బొటనవేలికీ మధ్య ఉండే వెబ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పిచింగ్ నేర్చుకుంటున్న పిల్లకు సందులు లేని మూసిన వెబ్ కావాలి, ఎందుకంటే బంతిని ఏ వేళ్ళతో ఎలా పట్టిందో బ్యాట్ చేసే వాళ్ళకు కనబడకూడదు. మిగిలిన వాళ్ళకు ఏదైనా నడుస్తుంది. వేళ్ళు విడిగా లేని మిట్ రకాన్ని మామూలుగా క్యాచర్ (బ్యాట్ చేసేవాళ్ళ వెనక బంతి పట్టేవాళ్ళు), ఫస్ట్ బేస్ ఆడేవాళ్ళే వాడతారు. కనుక మీ పిల్ల ఒక ఆటలో ఫస్ట్ బేస్ ఆడిందని సంబరపడి వెంటనే మిట్ కొనేయకండి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఒక 12 అంగుళాల బంతి వెంట తీసుకెళ్ళాలి, పిల్లను తప్పనిసరిగా తీసుకెళ్ళాలి. పెట్టె మీద కుడిచేత్తో విసిరేవారికి అని ఉంటే అది ఎడమ చేతికి తొడిగేదని గుర్తుంచుకోవాలి. చేతి పేరు చూసి తికమకపడి, తప్పు చేతి గ్లవ్ ఆర్డర్ పెట్టి, తిరిగి పంపిన కుటుంబాలు మా జట్టులోనే రెండున్నాయి. పిల్ల గ్లవ్ తొడుక్కుని, పట్టీ బిగించుకుని, చేయి కిందికి వేలాడదీసినప్పుడు గ్లవ్ జారకూడదు. వేళ్ళు గొట్టాల్లోకి సగం దాటి వెళ్ళాలి. తరువాత రెండో చేతి సాయం లేకుండా, బంతి పెట్టుకుని, పదిసార్లు వరుసగా తెరిచి మూయమనండి. నాలుగో సారికే ముఖం బిగబట్టి మణికట్టు వంచుతోందంటే ఆ గ్లవ్ పక్కన పెట్టేయవచ్చు. ఆఖరున బంతి లోపల ఉండగా మూసి, గ్లవ్‌ను తలకిందులు చేసి ఊపమనండి; బంతి జారి పడకూడదు.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. కొత్త తోలు గ్లవ్ ఏదైనా బిరుసుగానే ఉంటుంది కదా, మూతపడకపోతే అది పెద్దదని ఎలా తేల్చడం? బిరుసు వేరు, పెద్దది వేరు. గ్లవ్‌ను చూసే ముందు మీరు రెండు చేతులతో దాన్ని పది ఇరవై సార్లు మడిచి తెరవండి, అది ఎక్కడ మడత పడుతోందో చూడండి. ఆ మడత పిల్ల బొటనవేలి మొదలు దగ్గరా, చిటికెనవేలి మొదలు దగ్గరా వస్తే తోలు లొంగినకొద్దీ చేతికి లొంగుతుంది. మడత అరచేతిని దాటి పైన ఎక్కడో పడుతుంటే అక్కడ పిల్లకు కండబలం అందదు. ఎన్నాళ్ళు వాడినా ఆ దూరం తగ్గదు.

తోలు విషయంలో మన ఇళ్ళలో ఒక మొహమాటం ఉంటుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. మంచి గ్లవ్‌లలో చాలావరకు ఆవు, ఎద్దు తోలుతో చేసినవే; కిప్ అని పిలిచేది లేత పశువుల తోలు, తేలికగా ఉంటుంది. ఇది మనసుకు పట్టని కుటుంబాలు ఉన్నాయి, వారి బాధను నేను గౌరవిస్తాను. సింథటిక్ గ్లవ్‌లు పదేళ్ళ లోపు పిల్లలకు నిజంగానే సరిపోతాయి, తేలికగా ఉండి మొదటి రోజు నుంచే మూతపడతాయి. పదమూడేళ్ళ పిల్లల ఆటలో వచ్చే వేగానికి మాత్రం చవక రకం సింథటిక్ పాకెట్ త్వరగా ఆకారం కోల్పోతుంది, ఏడాదికొకటి మార్చుకునేందుకు సిద్ధపడాలి. మా టెక్సాస్‌లోనే నొకోనా అనే పట్టణంలో 1934 నుంచి చేత్తో గ్లవ్‌లు చేస్తున్న సంస్థ ఒకటుంది, వారు అడవిదున్న జాతి బైసన్ తోలు, కంగారూ తోలు కూడా వాడతారు. ఖరీదు మాత్రం ఎక్కువే. మేము మామూలు ఆవు తోలుదే కొన్నాం, ఆ సంగతి మా అత్తగారికి చెప్పే కొన్నాం.

ఖరీదు దగ్గర కూడా పెద్దది కొనడం లాంటి పొరపాటే ఇంకొకటి జరుగుతుంది. విల్సన్ ఏ2000, రాలింగ్స్ హార్ట్ ఆఫ్ ద హైడ్ వంటి పై శ్రేణి గ్లవ్‌లకు రెండు వందల డాలర్లకు పైనే పెట్టాలి. వాటి తోలు దట్టంగా, బిరుసుగా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఆకారం నిలుస్తుంది. రోజూ గంటల కొద్దీ ఆడే పదహారేళ్ళ అమ్మాయికి అది వరం. వారానికి మూడు రోజులు ఆడే పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఆ తోలు లొంగేసరికి సీజన్ సగం గడిచిపోతుంది. సుమారు ఎనభై నుంచి నూట యాభై డాలర్ల మధ్య దొరికే, కొంతవరకు కార్ఖానాలోనే మెత్తబరిచిన గ్లవ్ ఈ వయసుకు అన్నివిధాలా మేలు. మిజునో వారు పిల్లల రకాల్లో చేయి సులువుగా మూతపడేలా మడమ దగ్గర ప్రత్యేకంగా మడత ఇస్తారు. కానీ ఆ వరుసలో మరీ చిన్నపిల్లల గ్లవ్‌లు కూడా ఉంటాయి, పదమూడేళ్ళ పిల్లకు కొనే ముందు పాకెట్‌లో 12 అంగుళాల బంతి పెట్టి చూడాలి.

మా వారి అభ్యంతరం వేరే ఉండింది. ఇప్పుడు అచ్చంగా సరిపోయేది కొంటే వచ్చే ఏడు చిన్నదయిపోదా, ఏటా నూరు డాలర్లు పోస్తామా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న అది, మా అమ్మ పరికిణీ మడతల వెనక ఉన్నదీ ఆ ప్రశ్నే. ఎదిగే వయసులో పిల్లలకు ముందుగా పెరిగేవి చేతులూ పాదాలూ. పొడవు ఆ తరువాత వస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలలో చాలామంది చేయి దాదాపు పెద్దయిన ఆడమనిషి చేయంత ఉంటుంది, ఆపైన పెరిగేది స్వల్పం. నమ్మకం కుదరకపోతే మీ అమ్మాయి అరచేతిని మీ అరచేతికి ఆనించి చూసుకోండి. మా ఇంట్లో మా ఇద్దరికీ తేడా చిటికెనవేలి గోరంత. ఫాస్ట్‌పిచ్ గ్లవ్‌లు ఆ కొలత చేతికే చేసినవి కాబట్టి ఇప్పుడు సరిపోయినది హైస్కూల్ మొదటి రెండేళ్ళకూ పనికొస్తుంది. పెరుగుదల కోసం వదిలిపెట్టిన జాగా ఈ వయసులో ఎన్నటికీ నిండని జాగా. వాడిన గ్లవ్ కొనడానికీ నేను వ్యతిరేకిని కాను, అయితే తోలు తొడుక్కున్నవారి చేతి అచ్చు పట్టుకుంటుంది. ఇంచుమించు అదే చేయి ఉన్న పిల్ల వాడినదైతే సగం శ్రమ తీరిపోయిన గ్లవ్ సగం ధరకు దొరికినట్టు, పెద్దవాళ్ళది అయితే మళ్ళీ నా గోనెసంచి కథే.

గ్లవ్ ఇంటికి వచ్చాక మెత్తబరచడం గురించి అందరికీ ఏదో ఒక చిట్కా తెలుసు. మా అమ్మ ఫోన్‌లో ఆముదం రాయమంది. తోలు చెప్పులు కరిస్తే మనం చేసేది అదే. చెప్పుకు మంచిదే కానీ గ్లవ్ తోలు నూనెను పీల్చుకుని బరువెక్కుతుంది, పాకెట్ నిలబడక వాలిపోతుంది. గ్లవ్‌ల కోసమే అమ్మే కండిషనర్ వేలికొసంత తీసుకుని గుడ్డతో పలుచగా రాస్తే చాలు. నీళ్ళలో నానబెట్టడం, ఓవెన్‌లో, మైక్రోవేవ్‌లో పెట్టడం వంటివి చేయవద్దు. వేడికి తోలులోని జిడ్డు ఎండిపోయి, లేసులు పెళుసుబారి తెగుతాయి. టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో వదిలేసినా అదే జరుగుతుంది. మేము రోజూ అరగంట బంతి విసురుకుంటూ, మధ్యలో చెక్క సుత్తితో పాకెట్‌లో కొడుతూ, రాత్రి బంతి లోపల పెట్టి గుడ్డ పట్టీతో కట్టి ఉంచుతూ మూడు వారాల్లో దారికి తెచ్చుకున్నాం. ఆ మూడు వారాలూ గ్లవ్ తొడుక్కున్నది మా అమ్మాయే, ఎందుకంటే మడత పడవలసింది ఆమె చేతి ప్రకారం.

కొత్త గ్లవ్‌తో ఆడిన రెండో ఆటలో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఆడే పిల్ల) చేజార్చిన బంతి ఒకటి మా అమ్మాయి వైపు తిరిగి వచ్చింది. కుడిచేయి అడ్డం రాలేదు, ముఖం తిరగలేదు. ఇంటికి వచ్చేటప్పుడు, "అమ్మా, ఇది నేను మూస్తే మూసుకుంటుంది" అంది. ఆ పిల్ల దీని గురించి చెప్పిన మాట అంతే.

ఈ డిసెంబరులో అనంతపురం వెళుతున్నాం. నేను చదివిన బడిలో ఇప్పుడు సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల్లో ఎడమచేతి వాటం వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అక్కడి వ్యాయామ ఉపాధ్యాయురాలిని అడిగాను. ఇద్దరున్నారన్నారు. వాళ్ళ చేతులను తెల్లకాగితం మీద ఆనించి పెన్సిలుతో చుట్టూ గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమన్నాను. నిన్న వచ్చాయి. ఒక చేయి మా అమ్మాయి చేయంత ఉంది, దానికి 12 అంగుళాలది తీసుకుంటున్నాను. రెండో పిల్ల వేళ్ళు చాలా పొట్టివి, 11.75 కూడా పెద్దదవుతుందేమోనని, మరో ఫొటోలో బొటనవేలిని పూర్తిగా చాపి గీయమని కబురు పంపాను.